కొలువులో పెట్టని బొమ్మలు

మొదటి ఏడాది తీసిన గ్రూపు ఫోటో ఇంకా నా ఫోన్లోనే ఉంది. 2024 జనవరి 14, ఆదివారం, భోగి. విశాఖ దగ్గర సబ్బవరం వైపు ఒక ఇటుక బట్టీ దగ్గర, ఆరబెట్టిన పచ్చి ఇటుకల ముందు, నలభై ఒక్కమంది పిల్లలు నాలుగు వరసల్లో నిలబడి ఉన్నారు. అందరి చేతుల్లోనూ తలా ఒక బొమ్మ. మా అపార్ట్‌మెంట్ సెక్రటరీ గారు "ఇటు, ఇటు" అని చప్పట్లు కొడుతుంటే అందరూ కెమెరా వైపే చూస్తున్నారు. ఫోటో మొత్తంలో బొమ్మ వైపు చూస్తున్నవాడు ఒక్కడే, మా అబ్బాయి. ముందు వరసలో ఉన్న పిల్లాడి చేతిలోని పసుపు జేసీబీ అంతకు ముందు వారం దాకా వాడిదే.

ఈ ఆలోచన నాదే. నేను పనిచేసే బ్యాంకు బ్రాంచికి రోజూ ఆ దారినే వెళ్తాను. దసరా వెళ్లాక ఒడిశా నుంచి కుటుంబాలకు కుటుంబాలే బట్టీల్లోకి దిగుతాయి, మళ్లీ వానలు పడేదాకా అక్కడే. బొలంగీర్, నువాపాడా వైపు వాళ్లు ఎక్కువ. బస్సు కిటికీలోంచి చూస్తే పెద్దవాళ్లు మట్టి తొక్కుతుంటారు, ఏడెనిమిదేళ్ల పిల్లలు చంకలో తమ్ముణ్ణో చెల్లెల్నో ఎత్తుకుని పచ్చి ఇటుకలు తిరగేస్తుంటారు. సంక్రాంతి సెలవులకు మా పిల్లలు ఏం కొనిపించుకోవాలా అని లెక్కలు వేసుకుంటున్న రోజుల్లో ఇది చూసి వాట్సాప్ గ్రూపులో ఒక మెసేజ్ పెట్టాను: "మీ పిల్లలు ఆడుకోని బొమ్మలుంటే ఇవ్వండి, పండక్కి బట్టీ పిల్లలకు పంచుదాం." లిఫ్టు పక్కన ఫ్రిజ్ వచ్చిన అట్టపెట్టె ఒకటి పెట్టాం.

నాలుగు రోజుల్లో పెట్టె నిండిపోయింది. మా వాళ్లలో ఇంత దానగుణముందా అని మురిసిపోయాను కూడా. తర్వాత అర్థమైంది, అది భోగి ముందు ఇల్లు సర్దుకునే వారం. మంటలో వేయకూడని ప్లాస్టిక్ అంతా నా పెట్టెలోకి వచ్చింది. రిమోట్ కార్లు ఏడు, రిమోట్లు మూడు, ఆ మూడూ ఏ కారుకీ సరిపడవు. గుర్రం లేని చదరంగం. ఎవరి పుట్టినరోజుకో వచ్చిన రిటర్న్ గిఫ్టులు, వాటి మీద ఆ పిల్ల పేరూ ఫోటోనూ. బొజ్జ నొక్కితే ఇంగ్లీషులో ఏబీసీడీ చెప్పే ఎలుగుబంటి, అది డీ దగ్గర ఆగిపోయి మళ్లీ ఏ నుంచి మొదలెడుతుంది. సగం నేను కడిగాను, పావు వంతు పారేశాను, మిగిలింది బస్తాల్లో వేసుకుని వెళ్లాం.

పంచడానికి ఇరవై నిమిషాలు పట్టింది. ఎంతమంది పిల్లలున్నారని బట్టీ లెక్కలు రాసే మున్షీని ముందే అడిగితే "నలభై మేడమ్" అన్నాడు. అతని లెక్క ఇటుకల లెక్క, కాస్త అటూఇటూ అయినా పట్టదు. వరసలో నిలబడ్డవాళ్లు యాభై. చివరి తొమ్మిది మందికి బిస్కెట్ ప్యాకెట్లు ఇచ్చాం. ఎవరికి ఏం వస్తుందో చూసుకోలేదు, సంచిలో చెయ్యి పెట్టి ఏది తగిలితే అది. పది నెలల పాప చేతికి పూసల డబ్బా వెళ్లింది. పన్నెండేళ్ల పిల్లకు గిలక. తల్లిదండ్రులు దూరంగా, ఇటుకల వెనక నిలబడి చూశారు. వాళ్లతో మేం ఒక్క ముక్క మాట్లాడలేదు. భాష రాదని అనుకున్నాం, అసలు ఆ ఊసే రాలేదనడం నిజం.

పండగ వెళ్లిన రెండు వారాలకు ఆ పక్క ఊరి అంగన్‌వాడీ టీచరు ఖాతా పని మీద మా బ్రాంచికి వచ్చారు. ఆవిడ పుట్టిల్లు ఒడిశా సరిహద్దులోని ఇచ్ఛాపురం, ఒడియా మన తెలుగంత సులువుగా మాట్లాడతారు. "బొమ్మలు ఇచ్చింది మీరే కదా మేడమ్, ఆ పూసల డబ్బా నేను తీసేసుకున్నాను, కోపం తెచ్చుకోకండి" అన్నారు. బ్యాటరీ బిళ్లలున్న రెండింటిని కూడా తీసి దాచారట, మింగితే ప్రాణం మీదికి వస్తుందని. మిగతావాటితో పిల్లలు ఆడుకుంటున్నారా అని అడిగాను. ఆవిడ కాస్త ఆగి, "లేదు మేడమ్. గుడిసెల్లో దూలానికి కట్టి వేలాడదీశారు. పిల్లలు అడిగినా దింపడం లేదు. విరిగితే ఎవరైనా అడుగుతారని భయమనుకుంటా" అన్నారు.

నాకు వెంటనే మా విజయనగరం అమ్మమ్మ గారి బొమ్మల కొలువు గుర్తొచ్చింది. సంక్రాంతి మూడు రోజులూ హాల్లో మెట్లు కట్టి, తెల్ల దుప్పటి పరిచి, కొండపల్లి దశావతారాలు, మట్టి పెళ్లికొడుకూ పెళ్లికూతురూ, లక్కపిడతలు బారుగా పెట్టేవారు. చుట్టుపక్కల ఆడవాళ్లను పిలిచి హారతి ఇచ్చి పేరంటం చేసేవారు. మేం చేతులు వెనక్కి కట్టుకుని చూడాలి. ఒకసారి చిన్న లక్క చేట తీసి జేబులో వేసుకున్నానని నాకు పడ్డ దెబ్బలు ఇప్పటికీ మా ఇంట్లో కథగా చెప్పుకుంటారు. నేను బట్టీ గుడిసెల్లో నలభై కొలువులు పెట్టించి వచ్చానన్నమాట.

ఆ ఆదివారం మా చెల్లెలితో ఫోన్లో ఇదంతా చెప్పుకున్నాను. అది టెక్సస్‌లో ఉంటుంది. ప్రతి డిసెంబర్లోనూ 'టాయ్స్ ఫర్ టాట్స్' అనే కార్యక్రమానికి గోదాములో బొమ్మలు వేరుచేసే పనికి వెళ్తుంది. ఇన్నేళ్లుగా చెబుతున్నా నేను ఊఁ కొడుతూ వదిలేసిన సంగతి, ఆ రోజు కాగితం తీసుకుని రాసుకున్నాను. 1947లో లాస్ ఏంజెలెస్‌లో అక్కడి మెరైన్ రిజర్వు దళానికి చెందిన బిల్ హెండ్రిక్స్ అనే ఆయన భార్య, తను కుట్టిన గుడ్డబొమ్మను ఎవరైనా పేద పిల్లకు ఇచ్చి రమ్మందట. ఇవ్వడానికి తగిన సంస్థ ఏదీ కనబడలేదని ఆయన తిరిగి వస్తే, అయితే నువ్వే పెట్టు అందట. ఆ క్రిస్మస్‌కే 5,000 బొమ్మలు పోగయ్యాయి, మరుసటి ఏడాది దేశమంతా పాకింది. చాలా ఏళ్లు సైనికులే పాత బొమ్మలు బాగుచేసి, రంగులు వేసి ఇచ్చేవారు. 1980 నుంచి కొత్తవి తప్ప తీసుకోవడం లేదు.

"కొత్తవే, పైగా గిఫ్ట్ పేపర్ చుట్టకుండా ఇమ్మంటారు అక్కా," అంది చెల్లెలు.

"చుట్టకుండానా? పండక్కి ఇచ్చేదాన్ని?"

"లోపల ఏముందో మాకు తెలియాలి కదా, ఏ వయసుకి పనికొస్తుందో. ఇంకోటేంటంటే, మా దగ్గర అమ్మానాన్నలే వచ్చి ఏరుకుంటారు. ఇంటికి తీసుకెళ్లి వాళ్లే చుట్టి పెడతారు. పిల్లలకి మేమెవరో తెలీదు. శాంటా తెచ్చాడనుకుంటారు."

"మనకి శాంటా లేడు కదే."

"భోగిపళ్లు ఎవరు పోస్తారు మరి? వీధిలో పోయేవాళ్లా?" అంది.

దానికి నా దగ్గర జవాబు లేదు. రేగుపళ్లూ చిల్లరా చెరుకుముక్కలూ కలిపి అమ్మమ్మలూ అత్తలూ మేనమామలూ పోయాల్సిందే, బయటివాళ్లు వచ్చి పోస్తే అది వేరే వ్యవహారం.

రెండో ఏడాది 2024 నవంబర్లోనే మొదలుపెట్టాను. ముందుగా తెలిసిన చేదు నిజం ఏమిటంటే, బట్టీ అదే గానీ కుటుంబాలు వేరు. కిందటేడు బిస్కెట్లతో సరిపెట్టిన తొమ్మిది మందిలో ఇద్దరే తిరిగి వచ్చారు. మిగతా ఏడుగురు ఏ జిల్లాలో ఏ బట్టీలో ఉన్నారో. తప్పు చేసిన చోటనే దిద్దుకోవచ్చని అనుకున్నాను, ఆ వీలు లేకపోయింది.

ఈసారి లెక్క టీచరు గారు వేశారు. రూళ్ల పుస్తకంలో గుడిసె గుడిసెకూ తిరిగి రాసుకొచ్చారు: మూడేళ్లలోపు వాళ్లు 14, ఆరేళ్ల దాకా 17, పదేళ్ల దాకా 16, ఆపైన 11. మొత్తం 58. పండగ ఎప్పుడు పెట్టుకుందామని అడిగితే ఆవిడ నవ్వారు. "వాళ్లది భోగి కాదు మేడమ్, పుష్పుని." పశ్చిమ ఒడిశాలో పుష్య పూర్ణిమ పెద్ద పండగట. పిల్లలు సంచులు పట్టుకుని ఇంటింటికీ తిరిగి "ఛేర్ ఛేరా" అంటూ కొత్త వడ్లు అడుగుతారు. మన హరిదాసు గిన్నెలో బియ్యం పోసినట్టు గృహస్థులు పోస్తారు. బట్టీలో అడగడానికి ఇళ్లేవి? పంచాంగం తీసి చూస్తే ఆ ఏడాది పుష్య పూర్ణిమ 2025 జనవరి 13, సోమవారం. మన భోగి కూడా అదే రోజు. ప్రతి ఏడాదీ కలవవు, కిందటేడు పూర్ణిమ జనవరి 25న పడింది. మేం వెళ్లింది మన భోగికి, వాళ్లకది మామూలు ఆదివారం.

అపార్ట్‌మెంట్లో మాత్రం గొడవ అయింది. పాత బొమ్మలు తీసుకోం, పిల్లకు 250 రూపాయల చొప్పున డబ్బే ఇవ్వండి అన్నాను. "మా మనవడి బొమ్మలకు ఏం తక్కువమ్మా?" అని రెండో అంతస్తు పెద్దావిడ నాతో పది రోజులు మాట్లాడలేదు. ఫోటోలు ఉండవంటే సెక్రటరీ గారు, "మరి ఇచ్చినవాళ్లకు ఏం చూపిస్తాం?" అన్నారు. న్యాయమైన ప్రశ్నే. బిల్లులు చూపిస్తానన్నాను. అరవై నాలుగు ఫ్లాట్లలో ఇరవై రెండు ఇచ్చాయి, మొత్తం 17,500. కిందటేడు పెట్టె నింపింది దాదాపు అందరూ.

నవంబర్ చివరి ఆదివారం మా అబ్బాయిని తీసుకుని, లక్క పూసిన కర్రబొమ్మలు చేసే ఏటికొప్పాక వెళ్లాను. హైవే మీద అడ్డరోడ్డు దగ్గర బస్సు దిగి ఆటో ఎక్కాం. వరాహ నది ఒడ్డున ఊరు. ఇళ్లలోంచి మోటార్ల రొద, గుమ్మాల ముందు చెక్కపొట్టు గుట్టలు. ఇన్నేళ్లు విశాఖలో ఉండి ప్రభుత్వ హస్తకళల దుకాణం లేపాక్షి షోరూములో తప్ప ఆ బొమ్మ పుట్టే చోటు చూడలేదు. అంకుడు కర్ర ముక్కను లేతు మీద బిగించి, ఉలి ఆనిస్తే దారంలా పొట్టు రాలుతుంది. గుండ్రనిది ఏదైనా క్షణాల్లో తేలుతుంది. రంగు వేయడం ఇంకా వింత. బ్రష్షు లేదు. పసుపు, జాఫ్రా గింజలు, నీలి లాంటి వాటినుంచి తీసిన రంగును లక్కలో కలిపి కడ్డీలు చేసుకుంటారు. తిరుగుతున్న కర్రకు ఆ కడ్డీ తాకిస్తే ఆ రాపిడి వేడికే లక్క కరిగి పట్టేస్తుంది. మీదట మొగలిరేకు పెట్టి రుద్దితే మెరుపు. మావాడు నోరు తెరుచుకుని చూశాడు, జేసీబీ సంగతి ఆ రోజు నుంచి ఎత్తలేదు.

2017లో ఈ బొమ్మలకు భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) వచ్చింది, సహజ రంగుల్ని నిలబెట్టిన సి.వి. రాజు గారికి 2023లో పద్మశ్రీ ఇచ్చారు. నాకు మాత్రం కావాల్సింది ఒకటే, నోట్లో పెట్టుకున్నా ఫరవాలేని రంగు. 2021 జనవరి నుంచి మన దేశంలో అమ్మే బొమ్మలకు ఐఎస్ఐ గుర్తు ఉండాలని నిబంధన, భౌగోళిక గుర్తింపు ఉన్న ఇలాంటి చేతిబొమ్మలకు మినహాయింపు ఇచ్చారు. కిందటేడు నా పెట్టెలో పడ్డవాటిలో ఎన్నింటికి ఆ గుర్తుందో ఒక్కటీ తిప్పి చూసుకోలేదు.

ఆ ఇంటి పెద్దాయన అడిగిన మొదటి మాట, "ఏ వయసు పిల్లలకమ్మా?" కిందటేడు నేను ఎవర్నీ అడగని మాట అది. మూడేళ్లలోపు వాళ్లకు ఊడే ముక్క ఏదీ లేని గిలకలు. నడక నేర్చేవాళ్లకు తాడు కట్టి లాగే బండ్లు. తర్వాత వాళ్లకు లక్కపిడతలు, ఎడ్లబండ్లు, మేకు దిగేసిన బొంగరాలు. ధర దగ్గర "పేదపిల్లల కోసమండీ" అని బేరం మొదలెట్టాను. అలవాటు. ఆయన తగ్గించలేదు. "అంకుడు కర్ర దొరకడమే కష్టంగా ఉందమ్మా, ఎక్కడెక్కడి నుంచో తెచ్చుకుంటున్నాం" అన్నాడు. నాకు సిగ్గేసి అడిగినంతా ఇచ్చాను. సంచులు కట్టేటప్పుడు పది బొంగరాలు అదనంగా పడేసి, "ఇవి లెక్కలో రాయకండి" అన్నాడు.

పదేళ్లు దాటిన పదకొండు మందికి ఏం కొనాలో తెలియలేదు. వాళ్లు బొమ్మల వయసు దాటారు, పని వయసుకు చాలా ముందే వచ్చేశారు. వాళ్లనే అడగమని టీచరు గారికి చెప్పాను. మగపిల్లలు బ్యాటూ టెన్నిస్ బంతులూ అన్నారు. ఆడపిల్లలు బళ్లో ఎక్కడో ఆడిన రింగు ఆట గుర్తు చేసుకుని టెన్నికాయిట్ రింగులు అడిగారు. ఒక పిల్ల టార్చిలైటు అడిగింది. రాత్రి బయటికి వెళ్లాలంటే చీకటట, ఇటుకల సందుల్లో పాములట. అది విని మిగతా ఆడపిల్లలూ మాట మార్చారు. రింగులు ఎలాగూ కొన్నాం. ఆటవస్తువుల పద్దు కింద టార్చిలైట్లు ఆరు అని రాసి బిల్లు పెట్టాను, ఎవరూ ప్రశ్నించలేదు.

బట్టీ యజమానితో ఒక విడత మాట్లాడాల్సి వచ్చింది. ఆయనకు ఫ్లెక్సీ కావాలి, తన చేతుల మీదుగా ఇవ్వాలి, పేపర్లో వస్తుందా అని కూడా అడిగాడు. ఫ్లెక్సీ వద్దండీ, ఆదివారం సాయంత్రం ఒక గంట ముందు పని ఆపండి చాలు అన్నాను. చాలాసేపు సాగదీసి అరగంటకు ఒప్పుకున్నాడు.

జనవరి 12 సాయంత్రం. అంగన్‌వాడీ గది వాడుకోవడానికి టీచరు గారు తన సూపర్‌వైజరుకు అర్జీ పెట్టి అనుమతి తెచ్చుకున్నారు. నేల మీద చాపలు వేసి వయసుల వారీగా బొమ్మలు పరిచాం. చుట్టుకోవడానికి పాత పేపర్లు, పురికొస. పిల్లలు రాకూడదు, అమ్మో నాన్నో రావాలి, ఇద్దరిద్దరు చొప్పున లోపలికి. నా పని మూలన కూర్చుని పురికొస కత్తిరించడం.

ఇరవై నిమిషాలు ఎవరూ రాలేదు. గేటు దగ్గర ఓ ముప్పై మంది గుంపుగా నిలబడ్డారు గానీ గడప ఎక్కరు. టీచరు గారు వెళ్లి మాట్లాడి వచ్చారు. ఆవిడ మొహం మారిపోయి ఉంది.

"వీటి ఖరీదు అడ్వాన్సు లెక్కలో రాస్తారా అని అడుగుతున్నారు మేడమ్."

సీజనుకు ముందు ఊళ్లో తీసుకున్న అడ్వాన్సు తీరేదాకా వెయ్యి ఇటుకలకింత అని కొడుతూనే ఉండాలి. బియ్యం, మందులు, ఏది తీసుకున్నా ఆ పుస్తకంలోకే ఎక్కుతుంది. బ్యాంకులో అప్పుల సీట్లో కూర్చునేదాన్ని, నాకు ఈ సంగతి తట్టలేదు. కిందటేడు దూలాలకు వేలాడింది ఇందుకా అని అడిగితే, అయ్యుంటుంది అన్నారు ఆవిడ. చెడకుండా ఉంటే తిరిగి ఇచ్చేయొచ్చు కదా. టీచరు గారు మళ్లీ బయటికి వెళ్లి, తన రూళ్ల పుస్తకం అందరికీ తెరిచి చూపించి, ఇందులో పిల్లల పేరూ వయసూ తప్ప అంకె ఏదీ లేదని చెప్పారు. చదవడం వచ్చిన ఒకతను పేజీలు తిప్పి చూసి, అవునన్నాక కదిలారు.

మొదట వచ్చినవాళ్లు దగ్గరగా ఉన్నది తీసుకుని వెళ్లిపోబోయారు. ఏరుకోవచ్చని చెప్పాక నెమ్మదించారు. ముగ్గురు పిల్లల తల్లి ఒకామె మూడు బండ్లు తీసి పక్కపక్కన పెట్టి, చక్రాలు కొలిచి, రంగు తేడా ఉందని రెండుసార్లు మార్చింది. ఇంటికెళ్లాక జరగబోయే తగవు ఆమె కళ్ల ముందే ఉంది. కూతురికి లక్కపిడతలు ఇవ్వబోతే ఒకాయన వద్దని ఎడ్లబండి తీసుకున్నాడు. దానికి ఎద్దులంటే ఇష్టం, ఊళ్లో వదిలేసి వచ్చాం అన్నాడట. ఇంకొకాయన బొంగరం దగ్గర ఆగిపోయాడు. నా చేతిలోంచి పురికొస ముక్క తీసుకుని, తడిపి, మేకు దగ్గర్నుంచి ఒత్తుగా చుట్టి, గది మధ్యలో ఒక్క విసురు విసిరాడు. అది సిమెంటు మీద నిలబడి తిరుగుతుంటే వంగి అరచేతిలోకి ఎత్తుకున్నాడు. గుమ్మంలో ఉన్నవాళ్లు ఏదో కేక వేశారు. అప్పటిదాకా ఆ గదిలో గొంతు పెంచినవాళ్లు లేరు.

చివరగా ఒక అమ్మాయి, చంకలో పసిబిడ్డ. పద్దెనిమిదో పందొమ్మిదో ఉంటాయి. బిడ్డకు గిలక తీసుకుంది. వెళ్లకుండా లక్కపిడతల ముందు కూర్చుని పొయ్యి, కుండ, తిరగలి ఒక్కొక్కటే ఎత్తి చూసింది. టీచరు గారితో ఏదో మెల్లగా అంది. "ఒకటి తనకు ఇస్తారా అంటోంది మేడమ్. బిడ్డకు కాదు, తనకేనట." జాబితాలో ఆమె పేరు తల్లుల వరసలో ఉంది. ఎడ్లబండి తీసుకున్నాయన వదిలేసిన లక్కపిడతలు ఉన్నాయిగా, అవి ఇచ్చాం. ఆమె పేపరు చుట్టుకోలేదు, కొంగులో మూట కట్టుకుంది. పెద్దాయన లెక్కలో రాయొద్దన్న బొంగరాలు అప్పటికే అయిపోయాయి, తండ్రుల్లో కొందరు రెండేసి తీసుకున్నారు.

తెల్లారి మేం మా కింద భోగిమంట దగ్గర ఉన్నాం. మావాడు "వాళ్లకి నచ్చాయా అమ్మా?" అని అడిగాడు. చూడలేదు కదరా అన్నాను. వాడికది నచ్చలేదు, నిజం చెప్పాలంటే నాకూ మనసు అటే లాగింది. బస్సులో వెళ్తూ కిటికీలోంచి చూసినా దూరం నుంచి ఏ చేతిలో ఏముందో తెలియదు. రిపబ్లిక్ డే నాడు ఢిల్లీ పరేడ్‌లో ఆంధ్రప్రదేశ్ శకటం ఏటికొప్పాక బొమ్మలదే అయ్యేసరికి మావాడు టీవీ ముందు గెంతాడు, మనం అక్కడికి వెళ్లాం అని ఫ్లాటు ఫ్లాటుకీ చెప్పి వచ్చాడు.

ఫిబ్రవరి రెండో వారంలో టీచరు గారు ఫోన్ చేశారు. బొంగరాల తాళ్లన్నీ తెగిపోయాయట, చీర అంచులు చింపి చుట్టుకుంటున్నారట, పురికొస అయితే ఆగడం లేదు, ఇంకేదైనా గట్టిది ఉంటే ఓ పాతిక పంపమన్నారు. శనివారం బ్యాంకు అయ్యాక పూర్ణా మార్కెట్‌కు వెళ్లాను. కొట్టువాడు నూలుతాడు ఉండ ముందు పెట్టి ఎంత పొడవు కావాలన్నాడు. బొంగరానికి ఎంత కావాలో నాకు తెలియదు. అతనే రెండు చేతులూ బారగా చాపి, "ఇంత చాలండి" అని పాతిక ముక్కలు కోసి ఇచ్చాడు.